బాడీకి ఎర్త్ లేదు

ఆ ఆదివారం పొద్దున హరిలాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇల్లందులో కారెక్కాలి. పదింటికల్లా టేకులపల్లి అవతల అత్తగారి తండాలో దిగాలి. పెళ్లాన్ని ఎక్కించుకుని మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరుకోవాలి. ఇందులో ఎక్కడా చచ్చిపోవాలన్న ఆలోచన అతనికి లేదు.

హరిలాల్ బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. భూమి అడుగున నీళ్లు తోడే పంపు మొరాయిస్తే మొదట హరిలాల్‌ను పిలుస్తారు, ఆ తర్వాతే మేనేజరుకు చెబుతారు. అతను వచ్చి ఆ పంపును రెండు తిట్లు తిట్టి, ఒక మర విప్పి, ఇంకో మర బిగిస్తాడు. పంపు బుద్ధిగా తిరుగుతుంది. అంతటి పనివాడు ఒక పాత కారు ముందు మాత్రం పిల్లి అయిపోయాడు. ఆ కారు బదిలీ మీద వెళ్లిపోతున్న ఇంజనీరుది. ఆయన దాన్ని ఎందుకు వదిలేసి వెళుతున్నాడో అడగాలని హరిలాల్‌కు తోచలేదు. బాలి అడిగింది గానీ, అప్పటికే కారు క్వార్టర్ ముందుకు వచ్చి నిలబడింది.

బాలి అతని భార్య. పద్దెనిమిదేళ్ల కాపురం. ఉన్న ఒక్క కూతురూ ఖమ్మంలో హాస్టల్లో చదువుకుంటోంది. కారు కొన్న కొత్తలో తీజ్ పండుగ వచ్చింది. పుట్టింటి తండాకు కారులో పోతున్నానని బాలి నెల ముందు నుంచీ వాడంతా చెప్పుకుంది. అద్దాల రవికె, కొత్త పేట్యా లంగా వేసుకుని, ముందు సీట్లో కూర్చుంది. తండా ఇంకా అరమైలు ఉందనగా కారు ఆగింది. హరిలాల్ స్టీరింగ్ పట్టుకున్నాడు కాబట్టి తోయడం బాలి వంతు అయింది. పండుగకు గుమిగూడిన ఆడవాళ్లంతా చూస్తుండగా, అద్దాలు తళతళా మెరుస్తుండగా, ఆమె ఆ కారును పుట్టింటి వాకిలి దాకా తోసుకుంటూ వచ్చింది. వాళ్లు నవ్వారు. తీజ్ పాటలో ఒక చరణం అక్కడికక్కడే కట్టి పాడారు కూడా.

పండుగ అయ్యాక కారును ట్రాక్టరుకు కట్టి ఇల్లందుకు లాగుతుంటే బాలి గడప దిగలేదు. "నేను తోసిన బండి నేనెక్క. అది దానంతటది మా తండకు వచ్చిననాడు చూద్దాం" అన్నది.

అప్పటికి నలభై మూడు రోజులు. ఆ లెక్క హరిలాల్ పెట్టుకోలేదు, దానంతటదే పడింది. తెల్లవారుజామున నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆమె గాజుల చప్పుడుకు మెలకువ రావడం అతనికి అలవాటు. ఇప్పుడు చప్పుడు లేకపోవడానికి మెలకువ వస్తోంది. జొన్నరొట్టె చేస్తే ఒక వైపు మాడి ఒక వైపు పిండిగానే మిగులుతోంది. రెండు గదుల క్వార్టర్ ఇంత పెద్దదని పద్దెనిమిదేళ్లలో అతనికి తెలియలేదు. బస్సెక్కి పోయి, రమ్మని బతిమాలితే వచ్చేదేమో. కానీ బాలి మాట అంటే మాటే అని అతనికి తెలుసు, అంతకన్నా ఎక్కువగా తండా ఆడవాళ్ల పాటంటే భయం. అందుకని రోజూ షిఫ్టు దిగి రావడం, కారు కింద దూరడం. నలభై రెండో రోజుకు అది నిజంగానే నడిచింది. కారేపల్లి దాకా పోయి, ఎవరూ తోయకుండా తిరిగి వచ్చింది. శనివారం సంతకు వచ్చిన బావమరిది రెడ్యాను పట్టుకుని, రేపు పదింటికి కారుతో వస్తున్నాననీ, రోడ్డు మీద నిలబడి చూడమనీ చెప్పి పంపాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఆ సాయంత్రం హరిలాల్‌కు ఇంకో ముచ్చట పుట్టింది. డాష్‌బోర్డు మరీ తుప్పు పట్టి ఉంది. బాలి కూర్చోగానే కళ్లెదురుగా కనిపించేది అదే. బాలికి ఎరుపంటే ఇష్టం. డాష్‌బోర్డును విప్పి, దానికీ దాని వెనక ఇనుప పట్టీలకూ ఎర్రటి రంగు రెండు పూతలు వేసి, ఆరీ ఆరకముందే మళ్లీ బిగించాడు.

ఆదివారం కొత్త టెరిలిన్ ప్యాంటు తొడుక్కుని, కారు ముందు కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు గుచ్చి, బంతిపూల దండ వేసి, తాళం తిప్పాడు. ఇంజన్ పలకలేదు. వైపర్ మాత్రం సగం దూరం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. హారన్ నొక్కితే ఎడమ ఇండికేటర్ మిణుక్కుమంది. ఇండికేటర్ వేస్తే పెట్రోలు ముల్లు నెమ్మదిగా లేచి, ట్యాంకు నిండిందని చూపించింది.

పక్క క్వార్టర్ మొండయ్య పళ్లపుల్ల నములుతూ ఇదంతా చూస్తున్నాడు. ఆయన గనిలో పంపు ఆపరేటర్, హరిలాల్ కన్నా పదేళ్లు పెద్ద. "నీది పోవాలనుకునే బండి తీర్గ లేదు హరిలాలూ. ఇంట్ల పని చేసుకునే బండి తీర్గున్నది" అన్నాడు.

హరిలాల్‌కు నవ్వు రాలేదు. బ్యాటరీ చూశాడు, నిండుగా ఉంది. ఫ్యూజులు చూశాడు, ఒక్కటీ పోలేదు. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి డాష్‌బోర్డు వెనక ఒక్కో కొసా తడిమి చూశాడు, ప్రతి తీగలోనూ కరెంటు ఉంది. ఇది మరీ అన్యాయం. కరెంటు లేకపోతే ఎందుకు లేదో వెతుక్కోవచ్చు. ఉండి కూడా పని చేయకపోతే ఎవరిని అడగాలి. కాసేపు బానెట్ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాక అతనికి తట్టింది. కరెంటు వస్తోంది గానీ తిరిగి పోవడానికి దారి దొరకడం లేదు. అందుకే ఆ తీగలోంచి ఈ బల్బులోకీ, ఈ బల్బులోంచి ఆ ముల్లులోకీ దూరి తిరుగుతోంది.

"బాడీకి ఎర్త్ లేదు మొండన్నా. పోయింది తిరిగి రావాలె. రాకపోతె ఎంత కరెంటున్నా ఏం ఫాయిద" అన్నాడు. అన్నాక తన మాట తనకే గుచ్చుకుంది.

అప్పటికే తొమ్మిదిన్నర. తాను పదింటికి చేరకపోతే బాలి ఏమనుకుంటుందో హరిలాల్ కళ్లకు కట్టినట్టు కనిపించింది. మళ్లీ ఆగిపోయిందనుకుంటుంది. ఆ నిమిషంతో మనసు గట్టిగా మూసుకుంటుంది. ఎలాగైనా కబురు అందాలి. తొమ్మిది నలభైకి టేకులపల్లి మీదుగా పోయే బస్సు ఉంది, దాని కండక్టర్ పిచ్చయ్య అందరికీ తెలిసిన మనిషి, రెడ్యా ఎలాగూ రోడ్డు మీదే నిలబడి ఉంటాడు. హరిలాల్ మొండయ్యకు కబురు రెండుసార్లు చెప్పి, రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు. హరిలాల్ కారు బాడీకి ఎర్త్ పోయింది, సెల్ఫ్ కొడితే లేస్తలేదు, తోసినా లాభం లేదు, పదింటికి ఎదురుచూడొద్దు, బాలి మనసు కష్టపెట్టుకోవద్దు. మొండయ్య వెళ్లేముందు శకునం బాగుండాలని మిగిలిన అగరొత్తులన్నీ ఒకేసారి ముట్టించి కారు ముందు గుచ్చాడు.

ఆ కబురు దారిలో ఏమైందో తర్వాత అందరూ కూర్చుని విచారించుకున్నారు. ఎవరి తప్పూ తేలలేదు.

మొండయ్య బస్టాండుకు చేరేసరికి బస్సు కదిలింది. పిచ్చయ్య మెట్టు మీద వేలాడుతూ, విజిల్ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. మొండయ్య పక్కన పరుగెత్తుతూ కబురు మొత్తం ఒక్క మాట పొల్లుపోకుండా అరిచాడు. ఇంజను రొదలో కారు అనే మాట ఒక్కటే కలిసిపోయింది. మిగతావన్నీ పిచ్చయ్యకు చక్కగా వినిపించాయి. బొగ్గుగనుల ఊళ్లో బాడీ అనే మాటకు రెండో అర్థం లేదు. ఎర్త్ అన్నది పిచ్చయ్య చెవికి ఆర్ట్ అని వినిపించింది. హార్ట్‌ను అక్కడ ఆర్ట్ అనే అంటారు, గుండె ఆగితే ఆర్ట్ పోయింది అంటారు. హరిలాల్ బాడీ, ఆర్ట్ పోయింది, లేస్తలేదు, తోసినా లాభం లేదు. ఇంకేం కావాలి. సెల్ఫ్ అంటే స్పృహ అని పిచ్చయ్య తానే అర్థం చెప్పుకున్నాడు. ఎదురుచూడొద్దు, బాలి మనసు కష్టపెట్టుకోవద్దు అన్నచోట ఆయనకు కళ్లు చెమర్చాయి.

పిచ్చయ్య మంచివాడు. అలాంటి కబుర్లు దారి పొడుగునా చాలా మోశాడు, ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. తండా స్టేజీ దగ్గర బస్సు ఆపించి, కిందికి దిగి, గొడుగు పట్టుకుని నిలబడ్డ రెడ్యా భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, మీ బావ ఇగ రాడు."

రెడ్యాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. "కారు ఖరాబైందా?" అని అడిగాడు.

"కారు కాదు తమ్మీ," అన్నాడు పిచ్చయ్య. "బాడీ."

ఇటు హరిలాల్ ఇవేవీ తెలియక తన పని తాను చేసుకుంటున్నాడు. డాష్‌బోర్డు వెనక నల్లతీగలన్నీ ఎక్కడో ఒకచోట కలిసి బాడీకి తగలాలి. ఆ చోటు కనిపించాలంటే ముందు సీట్లో వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చాలి. కాళ్లు తలుపులోంచి బయటికి వస్తాయి. కొత్త ప్యాంటుకు మసి అంటుతుందని ఇంట్లోంచి ఉతికిన తెల్ల పంచె తెచ్చి నడుము నుంచి పాదాల దాకా కప్పుకున్నాడు. హారన్ నొక్కి పట్టుకోవడానికి మనిషి లేక దాని గుండీకి అగ్గిపుల్ల దోపాడు. తాళం తిప్పి ఉంచాడు. ఎర్త్ తగలగానే హారన్ మోగుతుంది, తనకు తెలుస్తుంది. ఈ ఏర్పాటు చూసి అతనికే ముచ్చటేసింది.

మొండయ్య తిరిగి రాలేదు. బస్టాండు పక్కన మంగలి ఖాళీగా కనిపిస్తే గడ్డం గీయించుకుందామని కూర్చున్నాడు. హరిలాల్ ఒక్కడే నోట్లో నల్లతీగ కరుచుకుని, పళ్లతో పైతొడుగు ఒలుస్తూ, బాలితో మనసులో మాట్లాడుకుంటూ పడుకున్నాడు. ఎర్ర డాష్‌బోర్డు చూసి ఏమంటుంది. ఏమీ అనదు. కొంగుతో ఒకసారి తుడుస్తుంది, అంతే. ఆ ఒక్కసారి తుడిస్తే చాలు తనకు.

గంటన్నర గడిచిందేమో, వీధి చివర ట్రాక్టరు చప్పుడు వినిపించింది. వెనకే ఆడవాళ్ల ఏడుపు. తండా ఏడుపు వేరుగా ఉంటుంది, ఒకరి భుజం ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. ఎవరింట్లోనో పాపం అనుకున్నాడు హరిలాల్. తీగ ఒలవడం అయిపోతే లేచి కనుక్కుందామనుకున్నాడు. ట్రాక్టరు తన క్వార్టర్ ముందే ఆగింది. రాగం తన కారు చుట్టూ చేరింది.

వచ్చినవాళ్లకు కనిపించిందేమిటంటే, కొట్టిన కొబ్బరికాయ, గుత్తులుగా కాలి బూడిద రాలిన అగరొత్తులు, పూలదండ, తెల్లబట్ట కప్పిన రెండు కాళ్లు. కారులోనే ప్రాణం పోయిందనీ, బాలి వచ్చేదాకా కదిలించకుండా ఉంచారనీ రెడ్యా అందరికీ వివరించాడు. చప్పుడుకు ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. ఇందాక బతికే ఉన్నాడే అని ఒకరిద్దరికి అనుమానం వచ్చింది గానీ, సొంత పెళ్లాం ఏడుస్తుంటే అడగడం బాగుండదని వాళ్లూ కళ్లు ఒత్తుకోవడం మొదలుపెట్టారు.

హరిలాల్ లేవబోయాడు. అప్పుడే ఎవరో అతని పాదాలు రెండూ పట్టుకున్నారు. గాజులు గలగలమన్నాయి. నలభై మూడు రోజులుగా తెల్లవారుజామున అతను వెతుక్కుంటున్న చప్పుడు అది.

"హరిలాల్," అన్నది బాలి.

పద్దెనిమిదేళ్లలో ఆమె అతని పేరు పలకలేదు. వాళ్లలో మొగుడి పేరు నోటితో అనరు. డాక్టరు అడిగినా, ఓటరు జాబితా రాసేవాడు అడిగినా పక్కవాళ్లు చెప్పాల్సిందే. తన పేరు ఆమె గొంతులో ఇలా ఉంటుందని హరిలాల్‌కు తెలియదు. లేవాలన్న సంగతి మరిచిపోయాడు.

తండా మాటలో ఆమె చెప్పుకుంటూ పోయింది, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "రోజు పొద్దుగూకంగ రోడ్డుకాడికి పోయి నిలవడ్డ హరిలాల్. ఏ బండి సప్పుడైనా నీదే అనుకున్న. అమ్మ అడిగితె మ్యాకలను తోలుకరావోయిన్నని చెప్పిన. మ్యాకలు ఇంట్లనే ఉండె."

హరిలాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల కిందికీ కాళ్లు పైకీ ఉన్నాయి కాబట్టి ఆ నీళ్లు చెవుల్లోకి దిగాయి. ఇక లేవాలి, ఇది పాపం అనుకున్నాడు. ఇంకొక్క మాట విని లేద్దామనుకున్నాడు.

"నడిసే కారు ఎవలికి గావాలె. నువ్వు నడిసి వచ్చినా వస్తుంటి. తోసుకుంట రమ్మంటె ఇల్లంద దాంక తోసుకుంట వస్తుంటి. నా నోటిమాట పట్టుకొని కూసున్నవు, నా మనసు సూడకపోతివి." పాదాలకు నుదురు ఆనించింది. "ఇంక వేడి గూడ తగ్గలేదే అమ్మా."

హరిలాల్ నోరు తెరిచాడు. నోట్లో తీగ జారింది. దాని ఒలిచిన కొస, డాష్‌బోర్డు వెనక రంగు అంటని జానెడు ఇనుము మీద పడింది.

హారన్ మోగింది. అగ్గిపుల్ల ఉంది కాబట్టి ఆగకుండా మోగింది. వైపర్లు రెండూ లేచి అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఎర్ర డాష్‌బోర్డులో ఉన్న లైట్లన్నీ వెలిగాయి. ఏడుపు రాగం మధ్యలో తెగింది. రెడ్యా ఎలా ఎక్కాడో తెలియదు, ట్రాలీ మీద ఉన్నాడు. అత్త జమ్లి నిలబడ్డ చోటే కూలబడి దేవతలందరినీ వరుసగా పిలిచింది. ఆ గందరగోళంలో తెల్లబట్ట కదిలింది, అగ్గిపుల్ల ఊడి హారన్ ఆగింది, కాళ్లు నేలకు ఆనాయి, నుదుటి మీద తడి ఎర్రరంగుతో హరిలాల్ లేచి నిలబడ్డాడు.

అతనికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నలభై మూడు రోజులుగా కూడబెట్టుకున్నాడు. కానీ పాతికేళ్ల పని అలవాటు ముందు నోటికొచ్చింది.

"బాలీ, ఎర్త్ దొరికింది" అన్నాడు.

బాలి కదలలేదు. అతన్ని తల నుంచి పాదాల దాకా చూసింది. ముఖంలో ఏడుపు ఇంకా అలాగే ఉంది, దాని వెనక నుంచి ఇంకేదో రావడం హరిలాల్‌కు కనిపించింది. అది సంతోషమే. కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"ఎప్పటి సంది ఇంటున్నవ్?" అని అడిగింది.

హరిలాల్‌కు అబద్ధం చేతకాదు. "మ్యాకల కాడ నుంచి" అన్నాడు.

బాలి కొంగు ముఖం మీదికి లాక్కుని, వెళ్లి ట్రాలీ ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత సంగతి సర్దడానికి చాలామంది చూశారు. నున్నగా గడ్డం గీయించుకుని వచ్చిన మొండయ్య జరిగిందంతా విని, తాను చెప్పిన కబురులో ఒక్క అక్షరం తప్పు లేదని ఒట్టు పెట్టుకున్నాడు. జమ్లి లేచి వచ్చి అల్లుడి బుగ్గలు తడిమి, బతికే ఉన్నాడని తేల్చుకుని, తర్వాత అదే బుగ్గ గట్టిగా గిల్లింది. దేవుడిచ్చిన మొగుడు రెండోసారి కూడా దక్కాడు, దిగి ఇంట్లోకి పొమ్మని పొరుగువాళ్లు బాలికి చెప్పారు. ఆమె వినలేదు. తండాలో, వాడలో, బస్సులో ఇక తన రోడ్డుకాడి ముచ్చటే చెప్పుకుంటారని ఆమెకు తెలుసు. నలుగురిలో నవ్వులపాలు కావడం ఈ కారు వల్ల ఇది రెండోసారి.

హరిలాల్ ట్రాలీ దగ్గరికి వెళ్లాడు. "తోసుకుంటనన్న వస్త అంటివి గద" అన్నాడు మెల్లగా.

"అది సచ్చినోనికి చెప్పిన మాట," అన్నది బాలి. "బతికున్నోనికి పాత మాటే."

హరిలాల్ ట్రాలీ అంచు వదిలాడు. అంత దుఃఖంలోనూ అతనికి ఒక సంగతి అర్థమైంది. ఆ మాట అనేటప్పుడు ఆమె తన వైపు చూడలేదు, కారు వైపు చూసింది. వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ డాష్‌బోర్డు కిందికి దూరాడు. నల్లతీగలన్నీ కలిసే మర కనిపించింది. దాని కింద, ఇనుముకూ తీగలకూ మధ్య, నిన్న సాయంత్రం తాను ప్రేమగా వేసిన రెండు పూతల ఎర్రరంగు కూర్చుని ఉంది. గనిలో కొత్త పంపు బిగిస్తే ఎర్త్ బోల్టు కింద రంగు గీకమని పదిమందికి పాఠం చెప్పే మనిషి. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా చాకుతో గీకి, మర బిగించి, తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి, ఇంకోసారి దగ్గి, అందుకుంది.

ట్రాలీలో బాలి తల తిప్పలేదు. రెడ్యా ట్రాక్టరు కదిలించాడు. దాని వెనకే కారు కదిలింది. పెళ్లాం ఇల్లందు నుంచి పుట్టింటికి పోతుంటే, ఆమెను ఇల్లందుకు తెచ్చుకోవడానికి మొగుడు ఆమె వెనకే పోతున్నాడు. వీధిలో జనం ఇదేం పద్ధతో అర్థం కాక, చెయ్యి ఊపి సాగనంపారు.

ట్రాలీ నిండా మనుషులు, ముందు చోటు లేదు. బాలి చివరికంటా జరిగి, వెనకతట్టు ముఖం పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. ఆమె ఎదురుగా కారు, కారులో అతను. టేకుచెట్ల మధ్య నుంచి పోయే ఆ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు వాళ్లిద్దరూ ఒకరినొకరు చూస్తూ ప్రయాణం చేశారు. పద్దెనిమిదేళ్లలో అంతసేపు ఎప్పుడూ చూసుకోలేదు. ఇంట్లో ఎవరి పని వాళ్లది. ఇప్పుడు చూడకుండా ఉందామన్నా వీలు లేదు, అతను రోడ్డు చూడాలి, రోడ్డు నడుమ ఆమె ఉంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది గానీ కళ్ల దాకా రానివ్వలేదు. ఒక ఎత్తు దగ్గర కారు వెనకబడి, మలుపు అవతల ఉండిపోయింది. గేరు మార్చుకుని మలుపు తిరిగేసరికి, బాలి ట్రాలీలో సగం లేచి, మెడ చాచి చూస్తోంది. కారు కనపడగానే చప్పున కూర్చుని, చీరలో దుమ్ము దులుపుకుంది. ఆ దుమ్ము చాలు నాకు, ఇంకేం వద్దు అనుకున్నాడు హరిలాల్.

పన్నెండున్నరకు ట్రాక్టరు తండాలోకి వచ్చింది. దాని వెనకే, ఎవరి చెయ్యీ పడకుండా, పొగ కక్కుతూ కారు వచ్చింది. ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. చావుకు ఏడవడానికి పోయినవాళ్లు చచ్చినవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారని తెలిశాక ఒక్కరికీ నోట మాట రాలేదు, ఇక పాటెక్కడ. బాలి ట్రాలీ దిగింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎవరైనా వెనక నుంచి తోశారేమో చూసినట్టు వెనక వైపు కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఇంట్లోకి పోయింది. హరిలాల్ ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.

ఆమె రేకుపెట్టెతో బయటికి వచ్చింది. వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఎర్ర డాష్‌బోర్డును చూసింది, కొంగు కొసతో ఒకసారి తుడిచింది. ఇంకా ఆరని రంగు కొంగుకు అంటింది. ఏమీ అనలేదు.

హరిలాల్ జీవితంలో అంత మంచి నిమిషం రాలేదు. పెట్టె ఒక్కటి సర్దితే ఇల్లు చేరినట్టే. పెట్టె వెనక సీట్లో పట్టలేదు, డిక్కీలో పెట్టాలి. డిక్కీకీ ఇంజనుకూ ఒకటే తాళంచెవి. ఇంజను ఆపి, తాళంచెవి చేతిలోకి తీసుకుని డిక్కీ తెరిచి, పెట్టె పెట్టి, మూసి, గర్వంగా వచ్చి కూర్చుని తిప్పాడు.

డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగాయి. హారన్ నొక్కితే మోగింది. వైపర్లు ఆడాయి. పెట్రోలు ముల్లు ఉన్న నిజం చెప్పింది. ఇంజను మాత్రం పలకలేదు. ఇంకోసారి తిప్పాడు. ఎర్త్ ఉంది, ఈసారి పోయింది ఇంకేదో. పదోసారి తిప్పేసరికి అతని చొక్కా తడిసిపోయింది. తండా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెడ్యా జాలిపడి వెనక్కి వచ్చి, తోయడానికి చేతులు ఆనించాడు.

బాలి తలుపు తీసుకుని దిగింది. హరిలాల్ కళ్లు మూసుకున్నాడు. ఇల్లు, నల్లా, గాజులు, అన్నీ మళ్లీ దూరంగా జరిగిపోయాయి.

"దిగు," అన్నది బాలి. "పెట్టె నెత్తికెత్తుకో. మూడింటికి బస్సున్నది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "మరి కారు నడుస్తలేదు గద" అన్నాడు.

"వచ్చుడే అడిగిన. పోవుడు అడగలే."

ఆడవాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. ఈసారి అందరికన్నా ఎక్కువగా బాలి నవ్వింది. హరిలాల్ డిక్కీ తెరిచి పెట్టె నెత్తికెత్తుకున్నాడు. కొత్త ప్యాంటు, నుదుటి మీద ఎర్రరంగు, నెత్తిన రేకుపెట్టెతో అతను ముందు నడుస్తుంటే, పెట్టె వంగుతోందని అంటూ బాలి వెనక నడిచింది. రోడ్డు అరమైలు ఉంది. అది ఇంకొంచెం దూరమైనా ఫరవాలేదనిపించింది ఇద్దరికీ.

ఆ రోజు నుంచి బాలి ఇల్లందులోనే ఉంది. కారు మాత్రం అత్తగారింటి వాకిట్లోనే ఉండిపోయింది, దాన్ని తీసుకురావడానికి ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.